మొక్కు కాయలు ముప్పై ఒకటి

"జ్వరం వచ్చే ముందు వాడు ఏమంటాడు?"

దుర్గాశ్రీ తలెత్తి చూసింది. రెండు రోజులుగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన ప్రతివాళ్ళూ పిల్లాడికి ఏం పెట్టావనే అడిగారు. పిల్లాడు ఏమన్నాడని అడిగింది ఈ ఒక్క మనిషే.

"నడుం లాగేస్తంది పిన్నీ అంటాడండి. ఏడేళ్ళ వెధవకి నడుం నొప్పేంట్రా అని మొదటిరోజు నవ్వేనండి కూడా."

"మొదటిరోజంటే?"

"జులై తొమ్మిది. సాయంత్రం ఆరున్నర."

సూర్యకళ రాసుకుంది. గోడ గడియారం రెండూ పది చూపిస్తోంది. నాలుగింటికి ఎస్సై వస్తాడు. సవతి కొడుక్కి కొంచెం కొంచెంగా విషం పెడుతోందన్న ఫిర్యాదు మీద దుర్గాశ్రీని మండపేట స్టేషనుకి తీసుకెళ్తాడు. పిల్లాణ్ణి మేనమామ తన కారులో తీసుకెళ్తాడు.

ఫిర్యాదు ఇచ్చిందీ ఆ మేనమామే. పేరు దొరబాబు. నిడదవోలులో ఇరవై గేదెల డెయిరీ ఉంది. ఆయన చెల్లెలు, అంటే ఈ ఇంటి యజమాని బంగార్రాజు మొదటి భార్య, పోయి మూడేళ్ళయింది. పసుపు కుంకాల కింద ఆమెకిచ్చిన ఐదెకరాలు ఇప్పుడు గణేష్‌బాబువి. గణేష్‌బాబు ఎవరింట్లో పెరిగితే పొలం వాళ్ళ చేతి కింద ఉంటుంది.

సూర్యకళ చదువు పదో తరగతితోనే ఆగిపోయింది. ఆరేళ్ళు రాజమండ్రిలో డాక్టర్ ఫణిశ్రీ ఆసుపత్రిలో చీటీలు రాసింది. చీటీ రాస్తూనే ఎవరు అబద్ధం చెబుతున్నారో పట్టేసేది. అలా మొదలై, ఒక దొంగతనం కేసూ, ఒక తప్పిపోయిన మనిషి కేసూ తేల్చాక జనం ఆమెను డిటెక్టివ్ అనడం మొదలుపెట్టారు. ఈ కేసు డాక్టరుగారే అప్పగించింది. "మలేరియా కాదు. టైఫాయిడ్ కాదు. ఎక్స్‌రేలో టీబీ లేదు. మూత్రం శుభ్రంగా ఉంది. పాత మందుల వల్ల కూడా జ్వరం రావచ్చని అన్నీ ఆపి చూశాను, అయినా వస్తోంది. ఇక రక్తాన్ని అడిగి లాభం లేదు సూర్యకళా, ఇంటిని అడగాలి. నువ్వెళ్ళు," అంది.

అందుకే సూర్యకళ ఇంటిని అడుగుతోంది.

"దోమతెర?"

"ఉందండి."

"తాగే నీళ్ళు?"

"కాచి వడగడతానండి. అందరికీ అవే."

"కాలవలో ఈత కొడతాడా? బస్తాల దగ్గర ఎలకలు?"

"కాలవకి వెళ్ళనివ్వనండి. ధాన్యం ఇంట్లో ఉంచం, మిల్లుకి వెళ్ళిపోద్ది."

"పాలు?"

"కాచినవేనండి. డాక్టరమ్మగారూ అదే అడిగేరు. మూడు పొంగులు రానిచ్చి దించుతాను."

"చెమట పడుతుందా?"

దుర్గాశ్రీ గొంతు తగ్గింది. "తెల్లారుజామున పక్కంతా తడిసిపోద్దండి. మొదట్లో పక్క తడిపేడనుకుని కసిరేను. తర్వాత చూస్తే చెమటండి. ఒకటే వాసన. తడిసిన గడ్డి వాసన."

సూర్యకళ కలం ఆగింది. "గడ్డా?"

"ఎప్పుడూ గేదె దగ్గరే ఉంటాడు కదండి, అందుకేమో అనుకున్నాను."

"స్నానం చేయించాక కూడా వస్తుందా?"

దుర్గాశ్రీ ఒక్క క్షణం ఆలోచించింది. "వస్తదండి," అంది, అప్పుడే తెలిసినట్టు.

సూర్యకళ ఆ మాట కింద రెండు గీతలు గీసింది. ఎందుకు గీసిందో ఆమెకే ఇంకా తెలియదు.

వీధి గుమ్మం దగ్గర చెప్పులు కిర్రుమన్నాయి. బూడిదరంగు సఫారీ, నడుముకి పేజరు, చంకలో ఫైలు. మణిశంకర్. కాకినాడలో పేరున్న డిటెక్టివ్. దొరబాబు కుదిర్చిన మనిషి. వెనకాలే బంగార్రాజు, బురద కాళ్ళు కడుక్కోకుండానే వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఏమ్మా సూర్యకళా, ఇవాళ పాపని తీసుకురాలేదే? నిన్న ఒక చేత్తో పిల్ల, ఇంకో చేత్తో నోటుపుస్తకం. చూడముచ్చటగా ఉన్నావు."

"నిన్న మా అమ్మ ఊళ్ళో లేదండి, అందుకని తెచ్చుకున్నాను. అయినా అమ్ములుకి నాలుగేళ్ళండి. మీకన్నా మంచి ప్రశ్నలే అడుగుద్ది."

మణిశంకర్ నవ్వాడు కానీ కళ్ళు నవ్వలేదు. ఫైల్లోంచి కేలండర్ కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి ఉన్నాయి.

"ప్రశ్నలు కాదు, తేదీలు చూడు. పిల్లాడి జ్వరం లెక్కంతా ఈ అమ్మాయి పుస్తకంలోంచే తీశాను. జులై ఇరవై రెండు పొద్దున్న ఈవిడ పట్టిసీమలో పుట్టింటికి వెళ్ళింది. ముప్పై ఒకటి పొద్దున్న తిరిగొచ్చింది. మధ్యలో తొమ్మిది సాయంత్రాలు. ఒక్కరోజు కూడా జ్వరం లేదు. వచ్చిన సాయంత్రమే నూట రెండు! చెయ్యి లేనప్పుడు విషం లేదు, విషం లేనప్పుడు జ్వరం లేదు. ఇంతకన్నా ఏం కావాలి?"

దుర్గాశ్రీ మొహం తెల్లబోయింది. బంగార్రాజు భార్య వైపు చూడలేదు. నేల వైపు చూశాడు. ఆమెకి కేలండర్ కన్నా ఆ చూపే ఎక్కువ తగిలిందని సూర్యకళ గమనించింది.

"ఆ పుస్తకం ఒకసారి ఇవ్వండి."

రెండు రూపాయల రూళ్ళ పుస్తకం. పేజీకి ఒక రోజు. పొద్దున్న ఎంత, సాయంత్రం ఎంత, అన్నం తిన్నాడా లేదా, పక్క తడిసిందా లేదా. సూర్యకళ జులై ఇరవై రెండు తిప్పింది. ఖాళీ. ఇరవై మూడు ఖాళీ. ముప్పై దాకా ఖాళీ.

"ఇందులో జ్వరం లేదని రాసి లేదండి. అసలేమీ రాసి లేదు."

"రెండూ ఒకటే."

"ఎలా ఒకటవుతాయండి? రాసే మనిషి ఊళ్ళో లేదు. రాయకపోతే జ్వరం రావడం మానేస్తదా?" అని బంగార్రాజు వైపు తిరిగింది. "ఆ తొమ్మిది రోజులూ బాబుకి ఒళ్ళు కాలిందా అండీ?"

"నాట్లండి అప్పుడు. నేనొచ్చేసరికి పడుకునేవాడండి. మా అమ్మే చూసుకుంది."

"మీ అమ్మగారు నయంగానే ఉన్నాడని నాతో అన్నారు," అన్నాడు మణిశంకర్. "ఆవిడకి థర్మామీటరు చూడటం రాదు. ఇంక ఆవిణ్ణి అడిగి ఏం లాభం?"

సూర్యకళ అప్పటికే వంటింటి వైపు నడుస్తోంది.

అచ్చాయమ్మ కత్తిపీట ముందు కూర్చుని గోంగూర ఒలుస్తోంది. డెబ్భై దాటిన మనిషి. దేవుడి గూటి పక్కన మూలంతా కొబ్బరికాయలు గుట్టగా పేర్చి ఉన్నాయి. నిన్న కూడా చూసింది సూర్యకళ. గోదారి ఇంట్లో కొబ్బరికాయల్ని ఎవరు పట్టించుకుంటారు? ఇవాళ పట్టించుకుంది. ఎందుకంటే పచ్చడికి కొబ్బరి కోరుతున్న పనిమనిషి ఆ గుట్టలోంచి కాయ తీయలేదు. పెరట్లోకి వెళ్ళి ఇంకోటి తెచ్చుకుంది.

"ఆ కాయలు వాడరా మామ్మగారూ?"

"అయ్యబాబోయ్! ముట్టుకోకమ్మా, మొక్కు కాయలవి. పట్టిసీమ వీరభద్రుడికి. మా కోడలి ఊరి స్వామే. మొదటిరోజునుంచీ బాబుకి ఎన్ని సాయంత్రాలు ఒళ్ళు కాలితే అన్ని కాయలు కొడతానని మొక్కుకున్నాను. కాలిన రోజున ఒక కాయ అక్కడ పెడతాను. కాలనిరోజు పెట్టను. లెక్క తప్పితే స్వామి ఊరుకుంటాడేంటి?"

సూర్యకళ కొంగు దోపుకుని మోకాళ్ళ మీద కూర్చుంది. ఒక్కో కాయా పక్కకి దొర్లిస్తూ లెక్కపెట్టింది. గుమ్మంలోకి వచ్చిన మణిశంకర్ వెటకారంగా చూస్తున్నాడు.

"ముప్పై ఒకటి," అంది చివరికి. దుర్గాశ్రీ పుస్తకం తిప్పి సాయంత్రం జ్వరం రాసి ఉన్న పేజీలు లెక్కపెట్టింది. రెండుసార్లు పెట్టింది. "పుస్తకంలో ఇరవై ఏడు. నాలుగు కాయలు ఎక్కువున్నాయి మామ్మగారూ."

"ఎక్కువేం కాదమ్మా, సరిగ్గానే ఉన్నాయి. కోడలు లేనప్పుడు మొదటి అయిదు రోజులూ బాగానే ఆడుకున్నాడు. ఆఖరి నాలుగు రోజులూ మళ్ళీ పట్టుకుంది."

"అంటే మా ఆవిడ రాకముందేనా?" గుమ్మం వెనకనుంచి బంగార్రాజు గొంతు.

"ముందేరా. మెడ కింద చెయ్యి పెడితే తెలీదేంటి, దానికి గాజుపుల్ల ఉండాలా?"

"మరి ఈ మణిశంకర్‌గారికి ఎందుకు చెప్పలేదండి?" అడిగింది సూర్యకళ.

"ఆయన నన్ను జ్వరం గురించి అడగలేదు తల్లీ. కోడలి గురించి అడిగేడు."

బంగార్రాజు మెల్లగా వెళ్ళి దుర్గాశ్రీ పక్కన నిలబడ్డాడు.

"కొబ్బరికాయలు కోర్టులో సాక్ష్యం చెప్పవు," అన్నాడు మణిశంకర్.

"ఖాళీ కాగితాలు చెబుతాయాండీ?"

"సరే, ఆ నాలుగు రోజులూ ఇంట్లో లోవరాజు ఉన్నాడుగా! పాలేరు. ఈవిడ చెప్పినట్టు వాడే పెట్టి ఉండచ్చు. పది రోజుల కిందట చెప్పాపెట్టకుండా మాయమయ్యాడు. తప్పు చెయ్యనివాడు ఎందుకు పారిపోతాడు?"

అది నిజంగానే మంచి ప్రశ్న. సూర్యకళ ఒప్పుకుంది. "అయితే వాడు పడుకునే చోటు చూద్దాం పదండి."

రెండూ యాభై అయిదు.

వసారాలో నులక మంచం మీద గణేష్‌బాబు దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. మెడ సన్నగా అయిపోయింది, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. సూర్యకళ వెనక ఎవరైనా ఉన్నారేమోనని తొంగి చూశాడు.

"అమ్ములు రాలేదా అండీ?"

"రాలేదు నాన్నా. ఎందుకు?"

"నిన్న మా బుజ్జిగాడిని చూసి ముందు ఏడ్చింది, తర్వాత ముద్దెట్టుకుంది."

"బుజ్జిగాడెవరు?"

"తోలు దూడండి! పాకలో ఉంటాడు. నేను వాణ్ణి పట్టుకుని గేదె ముందు కూర్చుంటేనే అది పాలు చేపుద్ది. రోజూ పొద్దున్నే, సాయంత్రం..." అంటూనే రెండు చేతులతో నోరు మూసుకున్నాడు.

"సాయంత్రం ఏంటి?"

తల అడ్డంగా ఊపాడు. వేళ్ళ సందుల్లోంచి, "నానమ్మ ఒట్టేయించుకుంది," అన్నాడు.

సూర్యకళ ఇంకేమీ అడగలేదు. ఒట్టు వేసిన పిల్లాడి చేత ఒట్టు తీయించకూడదు. వేయించిన పెద్దమనిషిని అడగాలి.

పాకలో ఒకే గేదె. నల్లగా నిగనిగలాడుతోంది. దాని ముందు రాటకి ఆనించి తోలు దూడ. చచ్చిపోయిన దూడ తోలు ఒలిచి, లోపల ఎండుగడ్డి కూరి, కుట్టి నిలబెడతారు. దాన్ని నాకుతూ గేదె తన బిడ్డే అనుకుని పాలు వదులుతుంది. సూర్యకళ పుట్టింట్లో ఇలాంటివి చాలా చూసింది. ఎప్పుడు చూసినా ఆమెకి ఆ గేదె మీద జాలేసేది.

వెనకాలే బంగార్రాజు కూడా వచ్చాడు. మణిశంకర్ ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకున్నాడు. "లోవరాజు మంచం ఇదీ. గోనెసంచి ఇదీ. నిన్ననే సోదా చేశాను. ఏమీ లేదు."

"చూరులో చూశారాండీ?"

సూర్యకళ మంచం మీదకెక్కి చూరు తాటాకుల మధ్య చెయ్యి పెట్టి తడిమింది. ఊళ్ళో ఎవరు ఏం దాచుకున్నా అక్కడే. చేతికి వచ్చినవి రెండు: సగం వాడిన నడుంనొప్పి తైలం సీసా, రబ్బరుబ్యాండు వేసిన ఖాళీ మాత్రల రేకుల కట్ట. రేకు తిప్పి చదివింది. జ్వరం మాత్రలు. మొత్తం పదకొండు రేకులు.

"విషం పెట్టినవాడు తనే నెలరోజులు జ్వరం మాత్రలు మింగాడా అండీ? పైగా నడుంనొప్పి కూడా?" మంచం దిగింది. "జ్వరమని తెలిస్తే పాలు పితకనివ్వరని దాచుకున్నాడు. దాచలేనంత అయ్యాక ఇంటికి పోయి పడుకుని ఉంటాడు. పారిపోలేదండి, మంచం పట్టాడు. ఒకే రోగం ఇద్దరికి. ఇంట్లో ఇంకెవరికీ లేదు. ఈ ఇద్దరూ కలిసేది ఎక్కడ?"

మణిశంకర్ జేబురుమాలు దించాడు. మొదటిసారి ఆయన కళ్ళలో వెటకారం పోయి ఇంకేదో వచ్చింది. "ఇక్కడ," అన్నాడు.

సూర్యకళ తోలు దూడ ముందు కూర్చుంది. ఎందుకో అది మరీ చిన్నగా ఉంది. వెంట్రుకలు పలచగా, అక్కడక్కడ అసలు లేనట్టే. ముందు కాలు పైకెత్తి గిట్ట వెలుతురుకి తిప్పింది. అడుగున ఏదో కుచ్చులా వేలాడుతోంది. ఎండి, ముడతలు పడి, పసుపుపచ్చగా. రెండో కాలు చూసింది. నాలుగు కాళ్ళకీ అంతే.

"బంగార్రాజుగారూ! ఈ దూడ ఎన్నాళ్ళు బతికిందని మీకు చెప్పారండి?"

"పది రోజులండి. ఈనిన పదో రోజున పోయిందన్నారు."

"ఇది ఒక్క అడుగు కూడా వెయ్యలేదండి."

ఇద్దరు మగవాళ్ళూ వంగి చూశారు.

"కడుపులో ఉన్నప్పుడు దూడ గిట్టల కింద మెత్తటి కుచ్చులుంటాయి, తల్లి కడుపు గీరుకోకుండా. పుట్టి, లేచి, నేల మీద నడిస్తే ఒకటి రెండు రోజుల్లో అరిగిపోతాయి. దీనికి నాలుగూ అలాగే ఉన్నాయి. వెంట్రుకలు కూడా పూర్తిగా రాలేదు. ఇది పుట్టి చచ్చిన దూడ కాదు. నెలలు నిండకుండా ఈచుకుపోయిన దూడ. ఈ గేదెకి కడుపు పోయింది. అది మీ దగ్గర దాచారు."

"గేదె ఎక్కడిది?" అడిగాడు మణిశంకర్.

బంగార్రాజు చెప్పేలోపే జవాబు వసారాలోంచి వచ్చింది, అచ్చాయమ్మ గొంతుతో, గొప్పగా.

"మా దొరబాబే తోలించేడండి! జూన్ పన్నెండున. మేనల్లుడు పాలు తాగాలని. ఆయ్!"

సూర్యకళ వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. జూన్ పన్నెండు, జులై తొమ్మిది. ఇరవై ఏడు రోజులు.

మూడూ పదిహేనుకి హాల్లో ఫోను కలిసింది. డాక్టర్ ఫణిశ్రీ అంతా వింది. పక్క తడిపే చెమట, తడిగడ్డి వాసన, నడుంనొప్పి, అయిదు రోజులు తగ్గి మళ్ళీ రావడం, పాలేరు మాత్రలు, గిట్టల కింద కుచ్చులు.

"ముందు చేతులు సబ్బుతో కడుక్కో," అంది చివరికి. "కడుపుపోయిన పశువుల నుంచి మనుషులకి వచ్చే జ్వరం ఒకటుంది. బ్రూసెల్లా అంటారు. అలల్లాగా వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. దూడతో పాటు పడే మాయ ముట్టుకున్నా, పాలు కాచకుండా తాగినా వస్తుంది. కాస్తే ఆ క్రిమి చచ్చిపోతుంది. కానీ ఆ ఇంట్లో కాచే తాగుతామన్నారే?"

"అందరూ కాచినవే తాగుతారండి. అందుకే అందరూ బాగున్నారు. బాబు ఒక్కడి సంగతే చూడాలి."

"రక్తం పంపు, పరీక్ష చేయిస్తాను. తేలేదాకా అదేనని ఎవరితోనూ అనకు. అదే అయితే మందుంది, ఆరు వారాలు వాడాలి, తగ్గుతుంది. వదిలేస్తే వెన్నూ కీళ్ళూ తినేస్తుంది. ఇంకో మాట. తాగిన వెంటనే తెలియదు. రెండు మూడు వారాలకీ బయటపడచ్చు, రెండు నెలలకీ పడచ్చు. అసలు రాకపోవచ్చు కూడా."

"గేదె నిడదవోలు నుంచి వచ్చిందండి. దొరబాబుగారని..."

అటువైపు కుర్చీ జరిగిన చప్పుడు. "దొరబాబా? డెయిరీ దొరబాబా?"

"తెలుసాండీ?"

"పోయినేడు వాళ్ళ పాలు పితికే మనిషి ఇదే జ్వరంతో మూడు నెలలు తిరిగి తిరిగి నా దగ్గరికొచ్చాడు. ఆ దొరబాబుని పిలిపించి, ఇదే కుర్చీలో కూర్చోబెట్టి చెప్పాను. మీ గేదెలకి కడుపులు పోతున్నాయి, ఆ పాలు కాచకుండా ఎవరి నోట్లోనూ పడనివ్వకండీ అని. రెండుసార్లు తిరిగి చెప్పించుకున్నాడు సూర్యకళా. ఎన్ని రోజులకి జ్వరం వస్తుంది, మనిషి చస్తాడా బతుకుతాడా, పరీక్షలో మామూలుగా బయటపడుతుందా అని అడిగాడు. జాగ్రత్త గల మనిషి అనుకున్నాను."

సూర్యకళ ఫోను పెట్టేసేసరికి మణిశంకర్ ఎదురుగా ఉన్నాడు. ఆమె సగమే చెప్పింది. మిగతా సగం ఆయనకే అర్థమైందని మొహం చెప్పింది.

"నా క్లయింటు నాతో అన్న మొదటి మాట ఏంటో తెలుసా?" అన్నాడు నెమ్మదిగా. "ముసలావిణ్ణి ఎక్కువ అడక్కండి, మతిమరుపు మనిషి అని."

"ముప్పై ఒక్క కాయ తప్పకుండా పేర్చిన మనిషికి మతిమరుపాండీ?"

ఆయన కేలండర్ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

మూడూ నలభైకి సూర్యకళ అచ్చాయమ్మ పక్కన చాప మీద కూర్చుంది. దుర్గాశ్రీ గుమ్మంలో నిలబడింది.

"మామ్మగారూ, బాబు చేత ఏం ఒట్టు వేయించుకున్నారు?"

ముసలామె గోంగూర కాడ విరుస్తూనే ఉంది. ఆకు అయిపోయినా విరుస్తోంది.

"మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు. వాడి మందు మీ మాటలో ఉంది."

"గుమ్మపాలమ్మా," అంది చివరికి. "పొదుగు కిందనుంచి, నురగతో, వేడి మీదే. మా ఇళ్ళల్లో మగపిల్లలందరూ అలాగే పెరిగేరు. వాళ్ళ నాన్న కూడా. కోడలు ఒప్పుకోదు, పుస్తకంలో చదివిందంట, కాచాలంటది. అందుకే దానికి చెప్పొద్దని ఒట్టేయించేను. గేదెని తోలిన రోజున దొరబాబు నన్ను పక్కకి పిలిచి మరీ చెప్పేడు. 'అత్తా, గుమ్మపాలే పట్టించు, నా మేనల్లుడు ఏనుగులా అవుతాడు. నీ కోడలికి తెలీనివ్వకు, కాచి మీగడ తీసేసి నీళ్ళు పోస్తది' అని. నీరసంగా ఉన్నాడని ఈ మధ్య రెండు పూటలా పోస్తన్నానమ్మా..."

పోసేకొద్దీ నీరసం. నీరసమైన కొద్దీ పోయడం. సూర్యకళ కళ్ళు మూసుకుంది. విషం అక్కర్లేదు, సీసా అక్కర్లేదు, ఇంట్లోకి అడుగుపెట్టనక్కర్లేదు. గేదెని తోలి, నానమ్మ ప్రేమని దానికి కట్టేస్తే చాలు. పిల్లాడికి జ్వరం, నింద సవతి తల్లికి, పిల్లాడితో పాటు ఐదెకరాలూ మేనమామకి.

"నేనేనా?" అంది అచ్చాయమ్మ. "నా చేత్తో నేనేనా?"

జవాబు దుర్గాశ్రీ చెప్పింది. వచ్చి అత్తగారి ఒళ్ళోంచి గోంగూర కాడలు తీసి పక్కన పెట్టి, ఆ చేతులు పట్టుకుంది. "మీ కాయలే కదా అత్తయ్యగారూ నన్ను కాపాడినవి. లేవండి."

మూడూ యాభై రెండు. వీధిలో అంబాసిడర్ హారను. దాని వెనకే జీపు.

మణిశంకర్ సఫారీ సర్దుకున్నాడు. "ఎస్సైతో నేను మాట్లాడతాను. ఫిర్యాదు ఇచ్చినవాడి మీదే ప్రశ్నలున్నాయంటాను. డాక్టరుగారిని సాక్ష్యానికి సిద్ధంగా ఉండమను. ఆ తోలు దూడ ఇక్కణ్ణుంచి కదలకూడదు." గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "గిట్టలు నేనూ చూశాను నిన్న. మామూలు గిట్టలే అనుకున్నానంతే."

ఆ మాట అనడానికి ఆయనకి ఎంత కష్టమైందో సూర్యకళకి తెలుసు. తల ఊపింది. నోటుపుస్తకం తీసుకుని లేచింది. పాక ముందు తను నిలబడాలి. దొరబాబు ముందు అటే చూస్తాడు.

"అమ్మా," అంది వెనకనుంచి అచ్చాయమ్మ.

"చెప్పండి మామ్మగారూ."

ముసలామె కోడలి చెయ్యి వదల్లేదు. "నిన్న సాయంత్రం నువ్వు హాల్లో మా వాడితో మాట్లాడుతున్నావు కదా. మీ పాప బాబుతో పాకలోకి వచ్చింది. పాలేరు లేడు కదా, నేనే పితుకుతున్నాను. బాబు గ్లాసు ఎత్తి తాగుతుంటే అదీ చెయ్యి చాపింది. పరాయింటి పిల్ల ఆశగా చూస్తుంటే ఎలా ఊరుకుంటానమ్మా..."

సూర్యకళ మళ్ళీ చాప మీద కూర్చుంది. పొద్దుటినుంచీ ప్రతివాళ్ళనీ ఎప్పుడు, ఎంత, ఎన్నిసార్లు అని అడిగిన మనిషి ఇప్పుడు, "ఎంత?" అని మాత్రం అనగలిగింది.

"ఒక్క గ్లాసేనమ్మా. నురగ మీసాలు అద్దంలో చూపించమంది. మళ్ళీ కావాలంది. మళ్ళీ పోశాను."

బయట కారు తలుపు వేసిన చప్పుడైంది. "ఏడీ మా అల్లుడు? బట్టలు సర్దేరా?" దొరబాబు గొంతు, నవ్వుతూ, మెట్లెక్కుతూ వస్తోంది.

సూర్యకళ నోటుపుస్తకంలో కొత్త పేజీ తిప్పింది. మోకాలికి ఆనించి రాసింది: అమ్ములు. ఆగస్టు పంతొమ్మిది, సాయంత్రం అయిదు. రెండు గ్లాసులు.

దాని కింద, ఒకటి నుంచి అరవై దాకా, ఖాళీ గీతలు గీయడం మొదలుపెట్టింది.